ఇల్లు కొనువారికి నాలుగు మాటలు
(కొడవలూరు గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోతలు ముగిసి, ధాన్యము అమ్ముడుపోయి, చేతికి నాలుగు రూకలు వచ్చిన తరుణమున మన పల్లెలలో రెండు మాటలు వినబడుచుండును. ఒకటి పెండ్లి, రెండవది ఇల్లు. పెండ్లి సంబంధము కుదుర్చుకొనునప్పుడు మనము అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారింతుము. వరుని మేనమామ యెవరో, వధువు పెదతండ్రి యెట్టివాడో తెలిసికొననిదే తాంబూలములు పుచ్చుకొనము. ఇల్లు కొనునప్పుడు మాత్రము ఆ విచారణలో పదవ వంతైనను చేయము. గోడలు చూతుము, వాస్తు చూతుము, బావి నీరు రుచి చూతుము. అమ్మువానికి అమ్ముకొను హక్కు కలదా అను ప్రశ్నను అడుగుటకు మొగమాటపడుదుము. ఆ మొగమాటమును విడువవలెనని చెప్పుటకే నేడు మేము మీ యెదుట నిలిచితిమి.

పెన్నకు ఉత్తరమున ఉన్న మన కొడవలూరు ప్రాంతము వరి పండు సీమ. పొరుగున కోవూరు, ఏరు దాటిన నెల్లూరు. చెన్నై–కోల్‌కత రహదారియు, రైలు మార్గమును ఈ మండలము మీదుగా పోవుచున్నవి. పట్టణము పెరిగినకొలది దారి ప్రక్క మళ్లలో రాళ్లు పాతి, ఇంటిస్థలములని అంకణముల లెక్కన అమ్మువారు బయలుదేరుదురు. ఊరిలోని పాత పెంకుటిండ్లకును గిరాకి వచ్చును. కువైటులో కుమారుడు చెమటోడ్చి పంపిన సొమ్ము, పాడి మీద తల్లి కూడబెట్టిన సొమ్ము, ఒక్క సంతకముతో చేతులు మారును. ఆ ఒక్క దినమున చేసిన పొరపాటు పదియేండ్ల తరువాత న్యాయస్థానపు నోటీసుగా గడప యెక్కును.

ఒక ఉదాహరణము చెప్పుదుము. ఇందులో పేర్లు లేవు. ఏ గ్రామమునందైనను జరుగదగిన సంగతి ఇది. ఒక దంపతులు ఊరి నడుమ 30 అంకణముల స్థలములో ఒక పెంకుటిల్లు కొనిరి. ఆ ఇల్లు స్వార్జితముతో కట్టినవాడు వీలునామా వ్రాయకయే కాలము చేసెను. ఆయన కుమారులు ఇరువురు వచ్చి అమ్మిరి. సొమ్ము అంతయు ముట్టినది. సబ్ రిజిస్ట్రారు ఎదుట అన్నదమ్ములు ఇరువురును సంతకములు చేసిరి, వ్రేలిముద్రలు వేసిరి. “రిజిస్టరు అయినది గదా, ఇక భయమేమి?” అని అందరును అనిరి. తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట, అల్లూరు వైపు అత్తవారింట నున్న ఆడబిడ్డ, “మా తండ్రి యింటిలో నా భాగమేది?” అని దావా వేసినది. తల్లియు ఆమె పక్షమున నిలిచినది.

చట్టము ఏమి చెప్పుచున్నది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక మరణించిన పురుషుని స్వార్జితము భార్యకును, తల్లికిని, కుమారులకును, కుమార్తెలకును సమానముగా చెందును. ఈ కుటుంబములో భార్య, ఇరువురు కుమారులు, ఒక కుమార్తె, వెరసి నాలుగు భాగములు. అన్నదమ్ములు అమ్మదగినది రెండు భాగములు మాత్రమే. తక్కిన సగము వారిది కాదు. తనది కానిదానిని ఎవడును ఇతరునికి ఈయజాలడు. దంపతులు ఇంటి మొత్తమునకు వెల యిచ్చి సగము ఇల్లు కొనినవారైరి. ఆ సగములోనైనను వెంటనే స్థిమితముగా కాపురముండుటకు వీలులేదు. అవిభక్త కుటుంబపు నివాసగృహములో భాగము కొనిన పరాయివానికి ఆ కుటుంబముతో కలిసి స్వాధీనముండు హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 44వ సెక్షను చెప్పుచున్నది. అతడు పంపకమునకు దావా వేసినచో, ఆ భాగమును న్యాయస్థానము నిర్ణయించిన వెలకు తామే కొనుటకు కుటుంబము వారికి 1893 నాటి పంపకముల చట్టము అవకాశమిచ్చినది.

ఇచ్చట మనము గట్టిగా గుర్తుంచుకొనవలసిన మాట ఒకటి కలదు. మన దేశమున రిజిస్ట్రేషను దస్తావేజునకే కాని హక్కునకు కాదు. ఫలానావాడు ఫలానావానికి ఈ కాగితము వ్రాసి యిచ్చెనని ఆ కార్యాలయము నమోదు చేయును. వ్రాసినవాడు నిజమైన యజమానియేనని పూచీపడదు. తమిళనాడునకు చెందిన ఒక వ్యాజ్యమున 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టము చేసినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము క్రింద అమ్మువాని హక్కును తేల్చు అధికారము రిజిస్టరు చేయు అధికారికి లేదని తీర్పు చెప్పినది. హక్కునకే ప్రభుత్వము పూచీపడు పద్ధతిని తెచ్చుటకు మన రాష్ట్రమున 2022లో భూహక్కుల చట్టమొకటి చేసిరి. దానిని 2024లో రద్దుచేసిరి. కావున హక్కును విచారించు భారము నేటికిని కొనువానిదే.

ఆ విచారణ ఎట్లు చేయవలెను?

మొదటిది, మూలమును వెదకుట. అమ్మువానికి ఈ ఆస్తి ఎట్లు వచ్చినదో, వానికి ముందటి వానికి ఎట్లు వచ్చినదో, కనీసము ముప్పది యేండ్ల వెనుకవరకు దస్తావేజులు వరుసగా చూడవలెను. గొలుసులో ఒక్క కొక్కెము లేకున్నను కారణమడుగవలెను. నకళ్లతో తృప్తిపడరాదు, అసలు దస్తావేజు కంటితో చూడవలెను. “అసలు బీరువాలో ఉన్నది, తాళము మా తమ్ముని యొద్ద ఉన్నది” అనినచో, తాళము వచ్చువరకు బయానా ఈయవలదు. ఆ అసలు ఏ బ్యాంకులోనో కుదువబడి యుండవచ్చును.

తరువాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో మనము ఈ.సి. అని పిలుచు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసికొనవలెను. మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములకు 1998లో కంప్యూటర్లు వచ్చినవి. 1983 తరువాతి లావాదేవీలు వాటిలో వెదుక వీలున్నది. అంతకు పూర్వపువాటికి కార్యాలయములోని పుస్తకములనే వెదికించవలెను. అయితే ఈ.సి.లో కనబడునవి రిజిస్టరు అయిన సంగతులు మాత్రమే. రిజిస్టరు కాని కరారునామా, నోటిమాటపై జరిగిన పంపకము, పెట్టెలో దాచిన వీలునామా అందులో కనబడవు. ఈ.సి. శుభ్రముగా ఉన్నంత మాత్రమున ఆస్తి శుభ్రముగా ఉన్నదని తలపరాదు.

రెండవది, మనుష్యులను లెక్కించుట. కాగితముల తరువాత కుటుంబమును చూడవలెను. తల్లి జీవించి యున్నదా? ఆడబిడ్డలు ఎందరు? గతించిన కుమారుని భార్యాబిడ్డలు కలరా? పిత్రార్జితమైనచో ఈ లెక్క మరింత ముఖ్యము. ఈ విషయమున మన తెలుగునాడు దేశమునకే ముందు నడచినది. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన సవరణ, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను, పెండ్లియైనవారికి సహా, ఆ హక్కు వచ్చినది. నివాసగృహమును మగవారు పంచుకొనువరకు ఆడబిడ్డ పంపకము కోరరాదను పాత సెక్షనును కూడ ఆ సవరణయే తీసివేసినది. ఈ హక్కు పుట్టుకతో వచ్చినదనియు, 2005 నాటికి తండ్రి జీవించి యుండనక్కర లేదనియు సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20వ తేదికి ముందే చట్టబద్ధముగా జరిగిపోయిన పంపకములకును, అమ్మకములకును మాత్రము భంగము లేదు.

“కట్నము ఇచ్చి పంపితిమి, ఆమెకు ఇంకేమి భాగము?” అను మాట రచ్చబండ మీద చెల్లవచ్చును, న్యాయస్థానమున చెల్లదు. ఆడబిడ్డకు భాగము వలదనినచో ఆమెయే హక్కు విడుదల దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయవలెను, లేదా అమ్మకపు దస్తావేజులో తానును సంతకము చేయవలెను. ఆమెకు న్యాయముగా రావలసిన సొమ్ము ఆమె చేతికే ముట్టవలెను. ఇది కొనువానికి క్షేమము, ఆమెకు గౌరవము.

మైనరు పేర నున్న ఆస్తి సంగతి వేరు. 1956 నాటి చట్టము ప్రకారము న్యాయస్థానపు అనుమతి లేనిదే తండ్రియైనను దానిని అమ్మరాదు. అమ్మినచో ఆ పిల్లవాడు యుక్తవయస్కుడైన పిమ్మట మూడేండ్లలోపల ఆ అమ్మకమును కొట్టివేయించుకొనవచ్చును.

మూడవది, నేల యెట్టిదో తెలిసికొనుట. మన పాత ఇండ్లు పెక్కు గ్రామకంఠములో ఉన్నవి. పొలమునకు పట్టా ఉండును, అడంగలు ఉండును; గ్రామకంఠపు ఇంటికి అట్టి కాగితములు సాధారణముగా ఉండవు. “కాగితము లేదు గాన ఇది సర్కారు భూమి” అని భయపెట్టువారు కలరు. ఆ భయము అనవసరము. 1905 నాటి మదరాసు భూ ఆక్రమణల చట్టమే, సర్కారు భూములేవో చెప్పుచు, ఇంటిస్థలముగను పెరడుగను ఒకరి సొంతమై యున్న నేలను వాటినుండి మినహాయించినది. కాని, సర్కారుది కానంత మాత్రమున అది అమ్మువానిదేయని సిద్ధింపదు. 1984లో కరణముల వ్యవస్థ రద్దయిన తరువాత ఊరి ఇండ్ల చరిత్ర నోట చెప్పగలవారు తగ్గిపోయిరి. పాత దస్తావేజులు, పంపకపు పత్రములు, దీర్ఘకాలపు ఇంటిపన్ను రశీదులు, ఇరుగుపొరుగు వారి దస్తావేజులలోని చెక్కుబందీ, వీనినన్నిటిని కలిపి చూచి నిశ్చయించుకొనవలెను. పన్ను రశీదు గాని, కరెంటు బిల్లు గాని ఒంటరిగా యాజమాన్యమును ఈయదని న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. అది కాపురమునకు సాక్ష్యము మాత్రమే.

ఈ కొరత తీర్చుటకు 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ఆరంభించినది. గ్రామములలోని నివాస స్థలములను డ్రోనులతో కొలిచి, ఇంటింటికి ఆస్తి కార్డు నిచ్చుట దీని యుద్దేశము. కొలతకు వచ్చినప్పుడు ఇంటిలో ఎవరైన ఒకరు తప్పక ఉండవలెను. గోడ యెవరిదో, సందు ఎవరిదో అప్పుడే చెప్పి, వ్రాసినదానిని చదివి చూచుకొనవలెను. ఆనాడు ఊరకుండి మరునాడు పోట్లాడుటవలన ప్రయోజనము లేదు.

ఊరి వెలుపలి స్థలమైనచో మరింత జాగరూకత వలయును. బీదలకు సర్కారు ఇచ్చిన భూమిని మనము డి.కె.టి. పట్టా భూమి యందుము. 1977 నాటి చట్టము దాని అమ్మకమును నిషేధించినది. తరువాతి సవరణలు కొన్ని సడలింపులు ఇచ్చినవి. ఈ స్థలమునకు సడలింపు వర్తించునో లేదో తహశీల్దారు కార్యాలయమునుండి వ్రాతమూలముగా తెలిసికొనవలెను గాని, మధ్యవర్తి నోటిమాట నమ్మరాదు. దేవాదాయ భూములు, వక్ఫు భూములు, సర్కారు భూములు మొదలైనవానిని రిజిస్టరు చేయరాదని రిజిస్ట్రేషను చట్టమున 2007లో మన రాష్ట్రము 22ఎ సెక్షనును చేర్చినది. స్థలపు సర్వే నంబరు ఆ నిషిద్ధ జాబితాలో ఉన్నదేమో బయానాకు ముందే చూడవలెను.

చెరువు, కాలువ పోరంబోకులలో వేసిన ప్లాట్లను ఎంత చౌకయైనను ముట్టరాదు. పంజాబులో ఒక గ్రామపు చెరువును పూడ్చి ఇండ్లు కట్టినవారిని తొలగింపుమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఎన్నేండ్లు కాపురమున్నను, ఎంత సొమ్ము పోసి కట్టినను ఆ కారణముచే క్రమబద్ధము చేయరాదనినది. చట్టము మాట అటుండగా నీరును ఊరకుండదు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు పొరుగున రహదారియు, పడుగుపాడు వద్ద రైలు మార్గమును దెబ్బతినుట మన మెరుగుదుము. నీటి దారిలో కట్టిన ఇంటికి ఏ దస్తావేజును రక్ష కాదు.

లేఅవుటులో స్థలము కొనువారు అది నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ పరిధిలోనిదో, కాదో తేల్చుకొని, తగిన అధికారి మంజూరు చేసిన ప్లానును చూడవలెను. ప్లానులో బాటలుగను, ఖాళీ స్థలముగను చూపిన నేల అందరిది. దానిని ముక్కచేసి అమ్మరాదు. 500 చదరపు మీటర్లకు మించిన భూమిలో, అనగా మన లెక్కకు సుమారు 75 అంకణములకు మించినదానిలో, ప్లాట్లు వేసి అమ్మువారు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా క్రింద సాధారణముగా ముందు నమోదు కావలెను. ఆ చట్టము క్రిందికి వచ్చు వ్యాపారి, కరారునామా రిజిస్టరు చేయకుండ వెలలో పదవ వంతుకు మించి బయానా పుచ్చుకొనరాదు. చెప్పిన గడువునకు ఇల్లు అప్పగింపనిచో సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చును. అప్పగించిన అయిదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో, తెలిపిన ముప్పది దినములలో తన ఖర్చుతోనే బాగుచేయవలెను.

నాల్గవది, కాగితము సరిగా వ్రాయించుకొనుట. నూరు రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెను. కరారునామా అమ్మకము కాదు. అమ్ముదునను మాట మాత్రమే. ఆ మాట తప్పినవానిపై దావా వేయుటకు, గడువు తేది మొదలు మూడేండ్లే వ్యవధి. గడువు వ్రాయనిచో, అతడు నిరాకరించినట్లు మనకు తెలిసిన నాటినుండి లెక్క. “మనవాడే గదా, మెల్లగా చేయించుకొందము” అని నాలుగేండ్లు ఊరకున్నచో ఆ కాగితము పెట్టెలో పడియుండవలసినదే. ఇక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, కరారునామా, వీలునామా ఈ మూడును వ్రాయించుకొని ఇల్లు కొంటిమనుకొనువారు, వీనివలన యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న చెప్పిన సంగతి గుర్తుంచుకొనవలెను. సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చుట మేలు. 20,000 రూపాయలు, ఆపైన బయానాను నగదుగా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 జూన్ నుండి నిషేధించినది.

దస్తావేజులో కొలతల విషయమై ఒక హెచ్చరిక. నెల్లూరు సీమలో అంకణమనగా 72 చదరపు అడుగులు. తిరుపతి వైపున 36 అడుగులే. పైని చెప్పిన 30 అంకణములు మన లెక్కకు 240 చదరపు గజములు; ఆ లెక్కకు 120 గజములు మాత్రమే. కావున అంకణములతోపాటు చదరపు గజములును, మీటర్లును, నాలుగు ప్రక్కల కొలతలును, చెక్కుబందీయు వ్రాయించవలెను. సంతకమునకు ముందు స్థలమును త్రాడుతో కొలిచి చూడవలెను. దస్తావేజును వ్రాసిన నాటినుండి నాలుగు నెలలలో రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను. తరువాత పంచాయతీ పుస్తకములో పేరు మార్పించుకొనవలెను. ఇంటి యిల్లాలి పేరును దస్తావేజులో చేర్చుట మంచి యలవాటు.

అప్పు తెచ్చి ఇల్లు కొనినవారికి ఒక మాట. అప్పు పూర్తిగా తీరిన ముప్పది దినములలో బ్యాంకు అసలు దస్తావేజులను తిరిగి ఈయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆజ్ఞాపించినది. తన తప్పుచే ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహార మీయవలెను. అడిగి తెచ్చుకొనుడు.

“మేమిదివరకే కొంటిమి, ఇప్పుడేమి గతి?” అని మీలో కొందరి మనస్సులలో మెదలుచుండును. నిరాశ వలదు. నోటీసు వచ్చువరకు కూర్చుండక, ఇప్పుడే కాగితములు తీసి చూడుడు. ఆడబిడ్డ సంతకము లేకున్నచో, ఆమె బ్రదికియుండగనే, మాటలు సాగుచుండగనే పోయి, తగిన సొమ్ము ముట్టజెప్పి, విడుదల దస్తావేజు పొందుడు. ఈనాడు వేలతో పోవునది రేపు లక్షలతో పోవదు. మేము చెప్పిన దంపతులకును అదియే దారి. వారు వ్యాజ్యమును లోక్ అదాలతుకు తీసికొనిపోయి, తల్లీకూతుళ్లకు రావలసినది ఒప్పందము చేసికొని, ఇంటిని నిలుపుకొనవచ్చును. అచ్చటి అవార్డు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అంత సొమ్ము మరల కూర్చుట వారికి బరువే. మొదటిదినమున ఒక ప్రశ్న అడిగి యున్నచో ఆ బరువు తప్పియుండెడిది.

న్యాయవాదికి ఫీజు ఈయలేమని వెనుదీయవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలందరికిని, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

సోదరీ సోదరులారా! ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు రెంటిని ఒక్క త్రాట కట్టిరి. పెండ్లికి చేయు విచారణను ఇంటికిని చేయుడు. మూలమేది, వారసులెవరు, నేల యెట్టిది, కాగితమేమి అని నాలుగు ప్రశ్నలడిగినచో అమ్మువాడు నొచ్చుకొనునేమో యని సందేహింపకుడు. నిజమైన యజమాని నొచ్చుకొనడు, కాగితములు తెచ్చి చూపును. నొచ్చుకొనువానికడ బయానా దాచుకొని, ఇంటికి మరలి రండు.